నాగా బుక్కులో లేని జ్వరం

బొగ్గు బాయిల ఊరు మందమర్రిలో పుట్టి పెరిగిన పిల్లలకు అఆల కంటే ముందే రెండు మాటలు వచ్చేస్తాయి. ఒకటి మస్టర్, అంటే పనికి హాజరు. రెండోది నాగా, అంటే గైరుహాజరు. మా బాపు బదిలీ ఫిల్లర్‌గా, అంటే బొగ్గు ఎత్తే తాత్కాలిక కార్మికుడిగా బాయి దిగిన రోజుల్లో, భూగర్భంలో ఏడాదికి 190 మస్టర్లు నిండాలన్న లెక్క మా ఇంటిల్లిపాదికీ నోటికొచ్చు. గోడకు వేలాడే క్యాలెండర్ మీద అమ్మ రోజూ బొగ్గుముక్కతో గుర్తు పెట్టేది. పనికి పోతే నిలువు గీత, పోకపోతే సున్న. నాకు కూడికలు, తీసివేతలు వచ్చింది ఆ క్యాలెండర్ మీదే. తర్వాత నేనూ లెక్కల సారునే అయ్యాను, ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇవాళ ఫ్లూ గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్ను కాను. ఈ విషయంలో లెక్క ఎక్కడుందో అక్కడి దాకా మాత్రమే వస్తాను.

ఆ క్యాలెండర్లో సున్నలు అక్కడొకటి ఇక్కడొకటి పడేవి కావు, గుంపులుగా పడేవి. పెండ్లిళ్ల కాలంలో కొన్ని. మేడారం జాతర ఉన్న ఏడాది కొన్ని. శ్రావణం, భాద్రపదం ముసురు పట్టినప్పుడు ఇంకొన్ని. పెండ్లి సున్న ఎందుకు పడిందో, జాతర సున్న ఎందుకు పడిందో అమ్మకు తెలుసు. ముసురు సున్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. క్వార్టర్ల లైను లైనంతా దగ్గేది. బాపు దుప్పటి ముసుగు తీసి, "జెరం లేదు గిరం లేదు, ఒళ్లు నొప్పులంతే, నాగా పడితది" అని లేచి కూర్చునేవాడు. డిస్పెన్సరీకి పోతే సిక్ రాసిచ్చేవాళ్లు. ఆ చీటీ మీద ఉండేది ఒకటే మాట, జ్వరం. ఇప్పుడైతే దానికి వైరల్ ఫీవర్ అని పేరు పెట్టాం. తలుపు చప్పుడైతే "ఎవరొచ్చారే?" అని లోపలి నుంచి అడిగినప్పుడు, "ఎవరో వచ్చారు" అని జవాబిస్తే ఎట్లుంటుందో ఆ మాట అట్లుంటుంది.

ఆ వచ్చిన 'ఎవరో' చాలాసార్లు మామూలు సర్దే. కొన్నిసార్లు ఇన్‌ఫ్లుయెంజా, అంటే మనం ఫ్లూ అనే జ్వరం. సర్ది మెల్లగా వస్తుంది, ముక్కుతో మొదలవుతుంది. ఫ్లూ అట్లా కాదు. పొద్దున షిఫ్టుకు నడిచిపోయిన మనిషిని మధ్యాహ్నానికి మంచంలో పడేస్తుంది. చలి, ఒళ్లంతా నలగ్గొట్టినట్టు నొప్పి, పొడి దగ్గు. చాలామందికి వారంలో తగ్గిపోతుంది. అరవై దాటినవాళ్లకు, గర్భిణులకు, పసిపిల్లలకు, షుగరు ఉన్నవాళ్లకు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ప్రాణం మీదికి రావచ్చు. మన దగ్గర ఇంకొక వరుస ఉంది. ఏళ్ల తరబడి బొగ్గు దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు గట్టిబడ్డ పాత ఫిల్లర్లు, కోల్ కట్టర్లు. మెట్లెక్కితేనే ఆయాసపడే ఆ ఛాతీకి ఫ్లూ తగిలితే ఏమవుతుందో విడమరచి చెప్పనక్కర లేదు.

సరే, ఆ జ్వరం ఏ జ్వరమో తెలుసుకునేదెట్లా? ఊరందరికీ పరీక్ష చేయలేం. ఈ పని ఎట్లా జరుగుతుందో బాయిల పనిచేసినవాళ్లకు చెప్పడం సులువు. షిఫ్టు మొదలు కాగానే సర్దార్ కర్ర పట్టుకొని కప్పు కొట్టి చూస్తాడు. ఖంగుమంటే బండ గట్టిగా ఉన్నట్టు. బోలుగా మోగితే కింద ఎవరినీ నిలబడనీయడు. బాయి కప్పంతా కొడుతూ పోతాడా? పోడు. మనుషులు నిలబడే చోట కొడతాడు, షిఫ్టు షిఫ్టుకూ కొడతాడు, ఒకే తీరుగా కొడతాడు. ఫ్లూ మీద నిఘా అంటే కూడా ఇంతే. కొన్ని ఆసుపత్రులను ఎంచుకుంటారు. అక్కడికి వచ్చే రోగుల్లో కొందరి ముక్కులో, గొంతులో పుల్ల తిప్పి, చల్లటి పెట్టెలో పెట్టి, ల్యాబుకు పంపుతారు. వారం వారం పంపుతారు, జ్వరాలు లేని వారం కూడా పంపుతారు. కప్పు గట్టిగా ఉన్న రోజు మోత ఎట్లుంటుందో తెలిసినవాడికే కదా బోలు మోత పట్టుబడేది.

ఎవరి దగ్గర శాంపిల్ తీయాలన్నదానికీ ఒక కొలత ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తేటగా రాసిపెట్టింది. 38 డిగ్రీల సెల్సియస్, అంటే మన థర్మామీటర్‌లో 100.4, అంతకు తక్కువ కాని జ్వరం ఉండాలి. దగ్గు ఉండాలి. మొదలై పది రోజులు దాటకూడదు. ఈ మూడూ ఉంటే ఫ్లూ లాంటి జబ్బు. జ్వరం, దగ్గులతో ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే తీవ్రమైన శ్వాసకోశ జబ్బు. మామూలు మాటలే అనిపిస్తాయి. కానీ నాగపూర్ డాక్టరూ, వెల్లూరు డాక్టరూ, బ్రెజిల్ డాక్టరూ ఇదే కొలత పట్టుకుంటేనే వాళ్ల లెక్కలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడొచ్చు. సోలకూ తవ్వకూ తేడా చూడకుండా కొలిచిన వడ్లను కలిపి లెక్కకడితే ఎట్లా?

ఈ నిఘా మన దేశంలో కొత్తదేం కాదు. 1957లో ఏషియన్ ఫ్లూ అని ఒకటి వచ్చింది. చైనాలో బయలుదేరి, హాంకాంగ్, సింగపూర్ దాటి, మే నెలలో సింగపూర్ నుంచి మద్రాసు వచ్చిన ఓడలో మన తీరం తాకింది. మలయా తోటల నుంచి, సింగపూర్ నుంచి మనవాళ్లు ఇండ్లకు వచ్చే దారే అది. అప్పుడు నీలగిరుల్లోని కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఇన్‌ఫ్లుయెంజా కేంద్రం ఉండేది. అక్కడ పనిచేసిన ఐ.జి.కె. మీనన్ ఆ మహమ్మారి లెక్కను 1959లో ప్రచురించాడు. 1957 మే 19 నుంచి 1958 ఫిబ్రవరి 8 దాకా దేశంలో నమోదైన కేసులు 44 లక్షల 51 వేల 785, మరణాలు 1,098. ఇవి నమోదైనవి మాత్రమేనని గుర్తుంచుకోవాలి. మా బాపు లాంటివాళ్లు దుప్పటి కప్పుకొని వెళ్లదీసిన జ్వరాలు ఇందులో లేవు.

ఇక్కడ లెక్కల సారుగా ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. 2009 మే నెలలో స్వైన్ ఫ్లూ మన దేశంలో మొట్టమొదట బయటపడ్డది మన హైదరాబాదులోనే. అమెరికా నుంచి విమానంలో వచ్చిన ఒక యువకుడికి. తర్వాత 2015 మొదట్లో అదే వైరస్ మళ్లీ లేచింది. అప్పటికి తెలంగాణ రాష్ట్రం ఏర్పడి ఏడాది కూడా కాలేదు. దేశంలో ముందుగా దెబ్బతిన్న చోట్లలో మనదీ ఒకటి. ఆ ఏడాది దేశం మొత్తంలో 42,592 కేసులు, 2,990 మరణాలు అని ప్రభుత్వ లెక్క. కాగితం మీద భాగించి చూడండి, నూటికి ఏడు వస్తుంది. నూరుమందికి జ్వరమొస్తే ఏడుగురు చనిపోయే జబ్బా ఇది! మా చాయ్ హోటల్ దగ్గర ఆ రోజుల్లో ఈ భాగహారమే నడిచింది. ముక్కుకు రుమాలు కట్టుకోనివాడు లేడు.

భాగహారం తప్పు కాదు, కింద పెట్టిన అంకె తప్పు. ప్రభుత్వం రోగులను ఏ, బీ, సీ అని మూడు రకాలు చేసింది. తేలిక జ్వరం ఏ, కొంచెం ముదిరితే బీ. ఈ రెంటికీ పరీక్ష అక్కర్లేదు, ఇంట్లో ఉండి మందులు వాడుకోమన్నారు. ఆయాసం వచ్చి ఆసుపత్రిలో పడ్డ సీ రకానికే పరీక్ష. ఉన్న కొద్దిపాటి ల్యాబులతో అది సరైన పద్ధతే. అయితే అట్లా చేసినప్పుడు 42 వేలు అన్నది జ్వరమొచ్చినవాళ్ల సంఖ్య కాదు, జ్వరం ముదిరి, ఆసుపత్రి దాకా చేరి, పరీక్షలో తేలినవాళ్ల సంఖ్య. యాక్సిడెంట్ వార్డులో కూర్చొని లెక్కపెడితే సైకిల్ తొక్కే ప్రతివాడికీ కాలు విరుగుతుందనే అనిపిస్తుంది మరి. కొన్నిచోట్ల కొలత ప్రకారం, తేలిక జ్వరాలనూ కలుపుకొని పుల్ల తిప్పే నిఘా ఎందుకు కావాలంటే ఇందుకే. భయం ఎంత పడాలో అది చెబుతుంది.

ఎప్పుడు జాగ్రత్త పడాలో కూడా అదే చెబుతుంది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ముందుండి నడిపిన నెట్‌వర్కులో ఢిల్లీ, శ్రీనగర్, కోల్‌కతా, చెన్నై, వెల్లూరులతోబాటు నాగపూర్ కూడా ఉంది. నాగపూర్ మనకు పరాయిదేం కాదు. మందమర్రి స్టేషన్ మీదుగా పోయే కాజీపేట-బల్లార్షా లైను పట్టుకొని పోతే వచ్చే ఊరే. ఈ కేంద్రాల లెక్కలన్నీ కలిపి 2015లో ఒక పరిశోధన వ్యాసం వచ్చింది. అందులో తేలిందేమిటంటే, శ్రీనగర్‌లో ఫ్లూ చలికాలపు జబ్బు. నాగపూర్, పుణె, ఢిల్లీ, కోల్‌కతాల్లో వానలతో లేచే జబ్బు. చెన్నై, వెల్లూరుల్లో అక్కడి వానలు పడే అక్టోబరు, నవంబరుల్లో లేస్తుంది. అంటే మా అమ్మ క్యాలెండర్ మీది ముసురు సున్నలు ఉత్తుత్తివి కావన్నమాట! అవన్నీ ఫ్లూనే అని నేననను, అనడానికి నా దగ్గర శాంపిల్ లేదు. కానీ కాలం కలిసింది. 2015లోలాగా మన దగ్గర చలికాలం చివర కూడా ఒక విడత వస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా ఒకటి, వానలప్పుడు, వానలు వెనకబట్టాక ఒకటి, ఇట్లా దేశంలో ఏటా రెండు విడతలని కేంద్ర ఆరోగ్య శాఖ కూడా చెబుతోంది.

టీకా సంగతికి దీంతో నేరుగా ముడి ఉంది. ఫ్లూ టీకా ఏటా మారుతుంది. ఎందుకంటే వైరస్ ఏటా ఎంతో కొంత వేషం మారుస్తుంది. ప్రపంచమంతటా సుమారు 130 దేశాల్లోని ఇన్‌ఫ్లుయెంజా కేంద్రాలు తమకు దొరికిన వైరస్‌లను చూసి కబురు పంపుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు కూర్చుని, రాబోయే కాలానికి టీకాలో ఏ వైరస్‌లు పెట్టాలో చెబుతుంది. ఫిబ్రవరిలో ఉత్తర గోళానికి, సెప్టెంబరులో దక్షిణ గోళానికి. ఎంపిక చేసిన వైరస్‌కు రకం, దొరికిన చోటు, నంబరు, ఏడాది కలిపి పేరు పెడతారు. 2009 స్వైన్ ఫ్లూ వైరస్ పేరు ఏ, కాలిఫోర్నియా, 7, 2009. మన బాయికి కేకే-5 అని నంబరు ఉన్నట్టే. అక్కడి నుంచి దాన్ని ఎక్కువగా కోడిగుడ్లలో పెంచి, శుద్ధి చేసి, సీసాల్లోకి ఎక్కించేసరికి ఆరు నెలలు పడుతుంది. ఈ ఆరు నెలల్లో వైరస్ మళ్లీ వేషం మార్చిందో, టీకా గురి తప్పుతుంది. మందమర్రి ఉన్నది ఉత్తర గోళంలోనే. అయినా వానాకాలపు ఫ్లూ కోసం అయితే ఏప్రిల్, మే నెలల్లో, దక్షిణ గోళం కోసం తయారైన తాజా టీకా వేసుకోవడమే నయమని ఆ 2015 వ్యాసం లెక్కలు చెప్పాయి. వేసుకున్నాక శక్తి రావడానికి రెండు వారాలు. తర్వాత నెలలు గడిచేకొద్దీ అది తగ్గుతూ పోతుంది. అందుకే కాలం చూసి వేసుకోవాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ సూది పనిచేస్తుందా? "పోయినేడు సూది ఏసుకున్న సారూ, అయినా సర్ది పట్టింది, పైసలు దండుగ" అని నాతో అన్నవాళ్లు ఒకరిద్దరు కాదు. నేను వాళ్లను ఒకటే అడుగుతాను. పట్టింది ఫ్లూ అని ఎవరు చెప్పారు? ఫ్లూ టీకా ఫ్లూనే ఆపుతుంది, మిగతా డజను సర్ది వైరస్‌లతో దానికి పని లేదు. సరే, నిజంగా ఫ్లూనే వచ్చింది అనుకుందాం. ఒక్క మనిషిని చూసి టీకా పనిచేసిందో లేదో చెప్పలేం. ఎంతమందిని, ఎట్లా చూడాలన్నదే అసలు తిరకాసు.

దీని మీద కొట్లాట పాతదే. అందులో మనలాంటి గని కార్మికులకూ చోటుంది. టైఫాయిడ్ టీకా తయారుచేసిన ఆల్మ్‌రోత్ రైట్ అనే పెద్ద డాక్టరు ఇంగ్లండులో ఉండేవాడు. సైనికుల్లో టీకా వేసుకున్నవాళ్లకు జబ్బు తక్కువ వచ్చింది, కాబట్టి టీకా గొప్పదన్నాడు. 1904లో కార్ల్ పియర్సన్ అనే గణితవేత్త ఆ లెక్కలు తిరగేసి అడ్డం పడ్డాడు. "ఇష్టపడి ముందుకొచ్చి టీకా వేసుకున్నవాడు మొదటి నుంచే ఒళ్లు దగ్గర పెట్టుకునేవాడేమో, జబ్బు రాకపోవడం ఆ జాగ్రత్త వల్లనేమో" అన్నది అతని అభ్యంతరం. ముందుకొచ్చినవాళ్ల పేర్లు రాసి, ఒకరిని విడిచి ఒకరికి వేసి చూడమన్నాడు. ఇద్దరికీ పడలేదు. అదే రైట్ 1911లో దక్షిణాఫ్రికా బంగారు గనులకు పోయాడు. అక్కడ దూరప్రాంతాల నుంచి తెచ్చి దించిన కూలీలు న్యుమోనియాతో పిట్టల్లా రాలిపోతున్నారు. వేలమందికి న్యుమోనియా టీకా వేసి, పనిచేసిందన్నాడు. తర్వాత ఆ లెక్కలు తిరగేసినవాళ్లకు అంత గట్టి రుజువు దొరకలేదు. ఆ కూలీల్లో ఎవరినైనా అడిగి వేశారా అన్నది వేరే ప్రశ్న. ఆ మాట వస్తే నాకు కడుపులో దేవినట్టుంటుంది.

ఫ్లూ టీకాకు నికరమైన పరీక్ష 1943లో జరిగింది. అమెరికా సైన్యం తరఫున థామస్ ఫ్రాన్సిస్ బృందం, 12 వేలమందికి పైగా యువ సైనికులను తీసుకొని, సగంమందికి టీకా, సగంమందికి ఉత్త సూది వేసింది. ఆ బృందంలో, తర్వాత పోలియో టీకాతో పేరు తెచ్చుకున్న జోనస్ సాల్క్ కూడా ఉన్నాడు. ఫ్లూ వచ్చింది. టీకా వేసుకున్నవాళ్లలో జబ్బు దాదాపు 70 శాతం తక్కువ. అందరూ సంబరపడ్డారు. నాలుగేళ్లు తిరగలేదు. 1947లో మళ్లీ ఫ్లూ వచ్చింది. అదే ఫ్రాన్సిస్, అదే సాల్క్, మిషిగన్ విశ్వవిద్యాలయంలో లెక్క తీశారు. టీకా వేసుకున్నవాళ్లకూ, వేసుకోనివాళ్లకూ జబ్బు దాదాపు సమంగా వచ్చింది! మందు పాడైందేమోనని వెతికితే మందు బాగానే ఉంది. వైరస్ మారిపోయింది. వాళ్లు ఆ ఓటమిని ఉన్నదున్నట్టు అచ్చు వేయించారు. ప్రపంచమంతా వైరస్‌ను కనిపెట్టి ఉండాలన్న సంగతి అందరికీ తలకెక్కింది అప్పుడే. 1952లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిఘా నెట్‌వర్కు పుట్టడానికి ఆ దెబ్బ కూడా కారణం. ఈ మొత్తం కథలో నేను దండం పెట్టేది ఆ 70 శాతానికి కాదు, ఆ సున్నకు.

ఇవాళ సగంమందికి ఉత్త సూది వేసి ఏటా పరీక్ష పెట్టలేం. ఖర్చు పెద్దది, ఆపదలో ఉన్నవాళ్లకు ఉత్త సూది వేయడం అన్యాయం కూడా. కెనడావాళ్లు 2004 ప్రాంతంలో ఒక కిటుకు మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా దాన్నే వాడుతోంది. నాకు ఇది మహా ఇష్టం, ఎందుకంటే పదో తరగతి లెక్క కంటే మించింది కాదు. కాగితం, పెన్సిలు ఉంటే తీసుకోండి.

ఊహకు చెబుతున్నాను, ఇవి నిజం అంకెలు కావు. జ్వరం, దగ్గు అని దవాఖానకు వచ్చిన 190 మందికి పుల్ల తిప్పారు. 90 మందిలో ఫ్లూ తేలింది, 100 మందిలో తేలలేదు, వాళ్లవి వేరే సర్దులు. ఇప్పుడు అందరినీ అడగండి, ఫ్లూ సూది వేసుకున్నావా అని. ఫ్లూ తేలిన 90 మందిలో వేసుకున్నవాళ్లు 10, వేసుకోనివాళ్లు 80. అంటే ఒకరికి ఎనిమిదిమంది. తేలని 100 మందిలో వేసుకున్నవాళ్లు 20, వేసుకోనివాళ్లు 80. అంటే ఒకరికి నలుగురు. ఎనిమిదిలో ఒకటిని నాలుగులో ఒకటితో భాగిస్తే సగం. ఒకటిలోంచి సగం తీసేస్తే సగం. టీకా 50 శాతం పనిచేసింది, అయిపోయింది.

ఇందులో తెలివి ఎక్కడుంది? పియర్సన్ అడ్డం పడ్డది గుర్తుందా, టీకా వేసుకునేవాడు మొదటి నుంచీ వేరే రకం మనిషేమోనని. ఇక్కడ రెండు వైపులా ఉన్నవాళ్లు ఒకే దవాఖాన మెట్లెక్కినవాళ్లే. జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి వచ్చే అలవాటున్నవాళ్లే. పుల్ల తిప్పేటప్పుడు ఎవరు ఏ వైపో వాళ్లకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు. ఫ్లూ కాని జ్వరం వచ్చి, "నాకేం తేలలేదట" అని ఇంటికి పోయినవాడే ఈ తక్కెడలో రెండో సిబ్బె.

50 శాతం అంటే జ్వరం సగమే వస్తుందని కాదు. టీకా లేకపోతే ఫ్లూతో దవాఖానకు వచ్చేవాళ్లు పదిమంది ఉన్నారనుకోండి, వాళ్లలో అయిదుగురికి ఆ బాధ తప్పిందని. అయితే నా 190 మంది లెక్కను ఎవరూ నమ్మకండి. అంత తక్కువమందితో తీస్తే అసలు జవాబు 78 శాతం దాకా ఉండొచ్చు, సున్న కంటే కిందికి కూడా పోవచ్చు. అదే పాళ్లలో 1,900 మంది దొరికితే 35కూ 61కీ మధ్యకు వస్తుంది. బదిలీ ఫిల్లర్‌కు 190 మస్టర్లు చాలు, టీకాకు చాలవు.

నిజం అంకెలేమిటి? టీకా, వైరస్ కలిసిన ఏడాది అమెరికాలో 40 నుంచి 60 దాకా వస్తుంది. 2014-15లో వైరస్ మారిపోయి 19కి పడిపోయింది, దాన్నీ దాచకుండా చెప్పారు. మన దేశంలో చెప్పుకోదగ్గ పరీక్ష హర్యానాలో బల్లభ్‌గఢ్ దగ్గరి పల్లెల్లో 2009 నుంచి మూడేళ్లు జరిగింది. కొన్ని ఇండ్ల పిల్లలకు ఫ్లూ టీకా, కొన్ని ఇండ్ల పిల్లలకు పోలియో సూది. ఉత్త సూది వేయకుండా, వాళ్లకూ ఒక మేలు జరిగేటట్టు చూశారు, నాకు నచ్చింది. మొదటి ఏడాది 26 శాతం, రెండో ఏడాది 41, మూడో ఏడాది 74. మందు అదే రకం, పల్లెలు అవే, అంకె మాత్రం మూడేళ్లలో మూడు తీర్లు. అందుకే "ఫ్లూ టీకా ఎంత పనిచేస్తుంది?" అని అడిగితే, "ఏ ఏడాది? ఎక్కడ?" అని నేను తిరిగి అడుగుతాను.

మరి మందమర్రిలో ఎంత? ఇక్కడ నా కాగితం ఖాళీ. దేశంలోనే నలభై అయిదేళ్లు దాటినవాళ్లలో ఫ్లూ టీకా వేసుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరని ఒక పెద్ద సర్వేలో తేలింది. ప్రభుత్వం పిల్లలకు ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు. వేసుకున్నవాళ్లే లేకపోతే ఇందాకటి లెక్కలో పైన పెట్టడానికి అంకె ఎక్కడిది?

కానీ చూడండి, ఈ లెక్క తీయడానికి బొగ్గు బెల్టు కంటే అనువైన చోటు నాకైతే కనబడదు. కార్మికుడు, భార్య, పిల్లలు ఒకే డిస్పెన్సరీకి వస్తారు, ముదిరితే రామకృష్ణాపూర్ ఏరియా ఆసుపత్రికి పోతారు. చీటీకి పైసలు లేవు కాబట్టి, ఉన్నవాడు వస్తాడు, లేనివాడు రాడు అన్న తేడా తక్కువ. ఎవరు ఎన్నేళ్లు భూగర్భంలో పనిచేశారో, ఎవరి ఛాతీ ఎట్లుందో రికార్డు ఉంటుంది. ఎవరు ఏ రోజు నాగా పెట్టారో బాయి బాయికీ రాసి ఉంటుంది. పని ఎగ్గొట్టినవాళ్ల లెక్కతో ఫ్లూ రాకను పసిగట్టడం వేరే దేశాల్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. మంచిర్యాలలో, రామగుండంలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో వైరస్ ల్యాబు ఉంది. మే నెలలో ఊపిరితిత్తుల జబ్బున్న కార్మికులకు, అరవై దాటినవాళ్లకు, గర్భిణులకు, నర్సులకు టీకా వేసి తేదీ రాసుకోవాలి. వానాకాలమంతా వారానికి రెండు రోజులు, కొలతకు సరిపోయే జ్వరాలకు పుల్ల తిప్పాలి. రెండు మూడేళ్లు ఇట్లా చేస్తే మన అంకె మనకు వస్తుంది. ఒక లోటు ముందే చెబుతాను. కాంట్రాక్టు కార్మికుడు రోజు కూలి పోతుందని దగ్గుతూనే పనికి వస్తాడు. వాడిని కలుపుకోకపోతే ఆ లెక్క సగం ఊరిదే.

టన్ను బొగ్గుకు టన్ను లెక్క చెప్పే ప్రాంతం మనది. రవాణాలో ఒక్క వ్యాగన్ తేడా వస్తే ఆరా తీస్తాం. ఆ బొగ్గు తవ్వే మనిషి వారం రోజులు మంచంలో ఎందుకున్నాడంటే మాత్రం, యాభై ఏళ్ల కింద చీటీ మీద రాసిన మాటే ఇప్పటికీ రాస్తున్నాం.

పెద్దలు చేయాల్సింది పెద్దలకు విన్నవించాను. మీకూ ఒక మనవి. ఈసారి ముసురులో జ్వరమొచ్చి డిస్పెన్సరీకి పోతే, చీటీ రాసే సిస్టరమ్మ అడగకపోయినా మూడు మాటలు చెప్పండి. జ్వరం ఏ రోజు మొదలైంది, దగ్గు ఉందా లేదా, ఫ్లూ సూది వేసుకుంటే ఏ నెలలో వేసుకున్నారు. ముక్కులో పుల్ల పెడతామంటే వద్దనకండి, అర నిమిషం పని. ఏమీ తేలలేదని చెప్పినా ఉత్తగా పోయిందనుకోకండి, ఆ తక్కెడలో రెండో సిబ్బె మీరే.